జెల్లీ చేప కుట్టిన రోజు నేను చెప్పని మాట

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ నిండిన ఏడాది, ఫిబ్రవరి నెలలో నన్ను ఒక బీచ్ క్యాంపుకు వైద్య బాధ్యురాలిగా వేశారు. అప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్‌లో ఆరోగ్య కేంద్రం ఇన్‌చార్జి సిస్టర్‌ని. అంతకుముందు చాలా ఏళ్లు గుంటూరు వైపు ఆసుపత్రుల్లో, ఎక్కువగా క్యాజువాలిటీలో పనిచేశాను. పిల్లల చదువుల కోసం చందానగర్ వచ్చి స్థిరపడ్డాక ఈ ఉద్యోగంలో చేరాను.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో నర్సుకేం పని, తలనొప్పి మాత్రలివ్వడమేగా అని మా చర్చిలో వాళ్లు కూడా అడిగేవారు. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. తర్వాత్తర్వాత ఒళ్లు మండి వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. అద్దాల మేడలో వేలమంది కూర్చుని పనిచేస్తుంటే గుండెనొప్పి వస్తుంది, ఫిట్స్ వస్తాయి, నెలలు నిండని కాన్పు నొప్పులు వస్తాయి. 108 వచ్చేలోపు ఆ ప్రాణం మా చేతుల్లోనే ఉంటుంది. డాక్టరుగారు రోజులో కొన్ని గంటలే ఉంటారు. ఆయన లేనప్పుడు ఏ పరిస్థితిలో ఏ మందు ఇవ్వాలో ముందే రాసి సంతకం పెట్టి ఉంచుతారు. వాటిని స్టాండింగ్ ఆర్డర్లు అంటాం. వాటిని బట్టి మేమే చేయాలి.

హోదా విషయానికొస్తే, ఆ కంపెనీల్లో భుజాల మీద నక్షత్రాలుండవు. ఎవరికి అద్దాల గది ఉంది, ఎవరి కారుకు నీడలో చోటుంది అన్నదాన్ని బట్టి మనమే తెలుసుకోవాలి. నాకు రెండూ లేవు. మా కేంద్రం అడ్మిన్ విభాగం కింద ఉండేది, క్యాంటీనూ తోటపనీ కూడా దాని కిందే. కానీ ఒక్క విషయంలో మాత్రం నాకు కంపెనీ పెద్దల కన్నా ఎక్కువ అధికారం ఉండేది. ఉద్యోగి ఆరోగ్యం గురించి పైఅధికారికి మేము చెప్పేది మూడు మాటల్లో ఒకటే: ఫిట్, అన్‌ఫిట్, షరతులతో ఫిట్. షరతులేమిటో చెబుతాం. జబ్బేమిటో చెప్పం. ఎంతటివాడు అడిగినా చెప్పం. ఈ నియమాన్ని నేను నెత్తిన పెట్టుకుని మోశానని గర్వంగానే చెబుతాను. గొప్పలు పోతోందని అనుకుంటే అనుకోండి.

ఆ క్యాంపు ఏర్పాటు చేసింది డెలివరీ మేనేజర్ మహేందర్. డెలివరీ మేనేజర్ అంటే, కస్టమరుకు ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకు అందించే బాధ్యత ఉన్న అధికారి. కొత్తగూడలో ఉండేవాడు. మంచివాడే, కాకపోతే నోరు పెద్దది, తొందర మరీ పెద్దది. పెద్ద ప్రాజెక్టు ఒకటి విజయవంతంగా ముగియడంతో టీమునంతా రెండు రోజులు సముద్రం ఒడ్డున టెంట్లలో ఉంచి తీసుకొస్తానని పైవాళ్లను ఒప్పించాడు. రాత్రి బయట బస చేసే పర్యటనకు ఆరోగ్య కేంద్రం నుంచి ఒకరు తప్పనిసరిగా వెళ్లాలి. బాపట్ల వైపు సముద్రం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి నేనే బయలుదేరాను.

వెళ్లేముందు అందరికీ ఆరోగ్య పరీక్ష చేశాను. అప్పుడు వచ్చింది స్వప్న. ఆమె అనుమతి తీసుకునే ఇదంతా రాస్తున్నాను. పేర్లు మాత్రం అందరివీ మార్చాను. మెదక్ వైపు పిల్ల, మణికొండలో హాస్టల్లో ఉండేది, టెస్టింగ్ టీములో పని. ఉబ్బసానికి మా దగ్గర అప్పుడప్పుడు నెబ్యులైజర్ పెట్టించుకునేది కనుక నాకు చనువే. బీపీ చూస్తుంటే మెల్లగా అసలు సంగతి చెప్పింది. చిన్నప్పుడు కందిరీగ కుడితే గొంతు వాచి, ఊపిరాడక, దవాఖానలో చావు తప్పి బయటపడిందట.

"సార్‌కు మాత్రం చెప్పకుండ్రి సిస్టర్," అంది. "పాత కంపెనీల నాకు ఉబ్బసం ఉందని తెల్వంగనే మంచి ప్రాజెక్టుల నుంచి తీసేసిండ్రు. నీకెందుకమ్మా టెన్షన్ అన్నరు. ఇక్కడ గుడ గట్లనే అయితే నేనేడికి పోవాలె?"

క్యాంపు మానేయమని నేను అనబోతుంటే ముందే అందుకుంది. "నేను సముద్రం ఇప్పటిదాంక చూడలె సిస్టర్," అని.

నాకు జాలి వేసింది. జాలితో నిర్ణయాలు తీసుకోకూడదని క్యాజువాలిటీలో నేర్చుకున్నదాన్ని కాబట్టి ఆమెను అడిగి, ఒప్పించి, మా డాక్టరుగారితో మాట్లాడాను. డాక్టరూ నర్సూ ఒకే గూటివాళ్లు, అది బయటికి చెప్పినట్టు కాదు. ఇద్దరం కలిసి షరతులతో పంపవచ్చని తేల్చాం. షరతులివీ: ఎడ్రినలిన్ ఇంజెక్షన్‌తో నేను పక్కన ఉండాలి, ఒక కారు డ్రైవరుతో సహా ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, ఎవరూ సముద్రంలో దిగకూడదు. ఎడ్రినలిన్ అంటే ఇలా కాటు విషానికి ఒళ్లంతా ఒక్కసారి తిరగబడినప్పుడు ప్రాణం నిలబెట్టే మొదటి మందు. ఇవన్నీ స్వప్న పేరు లేకుండా క్యాంపు మొత్తానికి పెట్టాను. నిజానికి ఆ కాలంలో ఆ ఒడ్డుకు జెల్లీ చేపలు కొట్టుకొస్తాయి కాబట్టి అందరికీ అవసరమైన షరతులే.

మహేందర్ చిందులు తొక్కాడు. "కారు ఖాళీగ ఎందుకు సిస్టర్, దండగ! సముద్రం కాడికి పోయి సముద్రంల దిగద్దంటే ఎట్ల? పోరగాండ్లు నన్ను తిడ్తరు."

తిడితే నన్ను తిట్టమనండి సార్ అన్నాను. షరతులు ఒప్పుకుంటేనే క్యాంపు ఫిట్ అని కూడా అన్నాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

మేం దిగేసరికి టెంట్లు వేసేవాళ్లు అందంగా కనిపిస్తుందని ఉప్పుటేరు పక్కన, తడి ఇసుక అంచునే వేసి పెట్టారు. చూడగానే నా నోరు లేచింది. తడి ఇసుకలో, కుళ్లిన నాచులో ఇసుక ఈగలు పుడతాయి. కంటికి ఆననంత చిన్నవి, దోమలా పాట పాడవు, కుట్టాక గానీ తెలియదు. పొద్దువాలే వేళ గాలి పడిపోగానే లేస్తాయి. టెంట్లన్నీ పీకించి, గాలి బాగా తగిలే పొడి ఇసుక దిబ్బ మీదికి మార్పించాను. మార్చినంతసేపూ టీము పిల్లలు నన్ను చూసిన చూపులు నాకు గుర్తున్నాయి. ఆ సాయంత్రమే నాకు కర్ఫ్యూ సిస్టర్ అని పేరు పెట్టారు.

పేరుకు తగ్గట్టే కర్ఫ్యూ పెట్టాను. పొద్దు దిగకముందే నిండు ప్యాంట్లు, పూర్తి చేతుల చొక్కాలు, సాక్సులు వేసుకోవాలి. దోమల క్రీము ముందు రాసి దాని మీద ఎండ క్రీము పూస్తే లాభం లేదు. ముందు ఎండ క్రీము, అది ఆరాక దోమల క్రీము. ఒకమ్మాయి ఖరీదైన సెంటు కొట్టుకుని, ఈ వాసనకు పురుగులు పారిపోతాయి కదా సిస్టర్ అంది. పురుగుల సంగతేమో గానీ నేను పారిపోయేలా ఉన్నాను తల్లీ అన్నాను. ఇంకొకడు టెంటు లోపల దోమల చుట్ట వెలిగించి జిప్పు వేసుకున్నాడు. వాణ్ని చెవి పట్టుకుని బయటికి లాగినంత పని చేశాను. నైలాన్ టెంటులో నిప్పు పెట్టుకుని పడుకోవడమంటే పొగకు ఊపిరాడకపోవడమో, ఒళ్లు కాలడమో, రెండూనో. చుట్టలన్నీ బయట, గాలి వచ్చే వైపు పెట్టించాను.

"సిస్టర్, మేం బీచ్‌కొచ్చినమా, ఎన్‌సీసీ క్యాంపుకొచ్చినమా?" అన్నాడు మహేందర్. ఆయన నిక్కరు మీదే ఉన్నాడు. ఎక్కడికొచ్చినా సాక్సులు వేసుకోండి సార్ అన్నాను. వేసుకోలేదు.

మర్నాడు పొద్దున నా టెంటు ముందు చిన్న వరుస కట్టారు. నా మాట విన్నవాళ్లకు ఒకటీ అరా దద్దుర్లు. విననివాళ్ల కాళ్లు చూడాలి, గోకి గోకి ఎర్రగా చేసుకున్నారు. గోళ్లు తగిలితే పుండ్లవుతాయని చెప్పి, సబ్బుతో కడిగించి, చల్లటి గుడ్డ వేయించి, కాలమిన్ లోషన్ రాశాను. మరీ దురద ఉన్నవాళ్లకు సెట్రిజిన్ ఇచ్చాను. అందరూ వెళ్లాక మహేందర్ వచ్చాడు, మోకాళ్ల కింద చోటు లేకుండా కుట్టించుకుని. సాక్సుల మాట ఎత్తకుండా లోషన్ రాశాను. ఎత్తకపోవడానికి చాలా కష్టపడ్డాను. స్వప్నకు ఒక్క కాటు కూడా లేదు. నేను చెప్పినవన్నీ అక్షరాలా పాటించింది. తెల్లవారిందగ్గర నుంచీ సముద్రాన్ని చూస్తూ కూర్చుంది, ఎవరు పిలిచినా పలకకుండా.

ఒడ్డంతా నడిచి చూశాను. అక్కడక్కడా జెల్లీ చేపలు కొట్టుకొచ్చి పడి ఉన్నాయి, నీళ్లు నింపిన పాలిథిన్ సంచుల్లా. చచ్చినవైనా, తెగిన పోగులైనా విషం చిమ్ముతాయి. పడవ లాగుతున్న జాలర్లను అడిగితే, ఈ వారం వలల నిండా అవే పడుతున్నాయని చెప్పారు. వెంటనే మహేందర్‌కు చెప్పి, నీళ్లకు దూరంగా ఇసుక మీద ముగ్గుపిండితో గీత వేయించాను. గీత దాటకూడదు, చెప్పులు విప్పకూడదు.

ఆ టీములకు ఒక ఆనవాయితీ ఉంది. ప్రాజెక్టు గెలిస్తే అందరూ మెడలో ఆఫీసు గుర్తింపు కార్డులు వేసుకుని, వాటిని పైకెత్తి ఫోటో దిగుతారు. ఏ పార్టీకి వెళ్లినా ఆ ఫోటో లేకపోతే పని పూర్తయినట్టు కాదు. అందుకే సముద్రం దగ్గర కూడా మెడల్లో తాళ్లు, కార్డులు. ఫోటోలు తీసే ఆయన వెనక సముద్రం సరిగ్గా రావడం లేదని, రెండడుగులు వెనక్కి, ఇంకో రెండడుగులు అంటూ వాళ్లను గీత దాటించాడు. చెప్పులు తడుస్తాయని కొందరు విప్పేశారు. నేను అరుస్తూ పరిగెత్తుతూనే ఉన్నాను. కార్డులు పైకి లేచాయి, అల వచ్చింది, స్వప్న కేకపెట్టింది.

ప్యాంటు మడుచుకున్న కుడి కాలు పిక్క మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి గీతలు, వాటికి సన్నటి పోగులు అంటుకుని ఉన్నాయి. కిరణ్ అనే కుర్రాడు మెడలోంచి కార్డు తీసి దాని అంచుతో గీకబోతున్నాడు. వెనక నుంచి ఇంకొకరు మంచినీళ్ల సీసా మూత తీస్తున్నారు. ఇద్దరూ సాయం చేద్దామనే.

"కార్డు పక్కన పడెయ్! మంచినీళ్లు పొయ్యొద్దు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే అప్పుడు తెలిసింది.

ఎందుకంటే, ఆ పోగుల్లో పేలని విషపు గుళికలు ఇంకా ఉంటాయి. నొక్కినా గీకినా అవి పేలతాయి. మంచినీళ్లు తగిలినా పేలతాయి. సముద్రపు నీళ్లతోనే కడగాలి. బకెట్టుతో సముద్రపు నీళ్లు తెప్పించి పోయించాను, గ్లవ్స్ వేసుకుని పటకారుతో పోగులు ఒక్కొక్కటీ ఎత్తి తీశాను. టీ కోసం పెట్టిన ఫ్లాస్కుల్లో వేడినీళ్లున్నాయి. పోగులు తీసేశాక వాటిలో సముద్రపు నీళ్లు కలిపి, కాలు కాలకుండా, ఓర్చుకోగలిగినంత వేడిగా పోయమన్నాను. ఆ వేడికి నొప్పి తగ్గుతుంది. కిరణ్ కార్డు అక్కడే పడేసి నీళ్లు కలిపే పని తీసుకున్నాడు, చేయి పెట్టి వేడి చూస్తూ ఎంతో శ్రద్ధగా చేశాడు.

అప్పటికి నా కళ్లు కాలు మీద లేవు, ఆమె ముఖం మీద ఉన్నాయి. పెదవులు ఉబ్బుతున్నాయి. మెడ మీద దద్దుర్లు పైకి పాకుతున్నాయి. "సిస్టర్..." అన్న పిలుపు బొంగురుగా వచ్చింది. ఇక ఆలోచించే పని లేదు. పడుకోబెట్టి, సిరంజిలోకి ఎడ్రినలిన్ ఎక్కించి, తొడ బయటి కండరంలోకి ప్యాంటు మీదుగానే గుచ్చాను. కాళ్లు ఎత్తు మీద పెట్టించాను. ఊపిరి కోసం ఇన్‌హేలర్ ఇచ్చాను. ఆమె చేయి నా చేతిలోనే ఉంది, నాడి చూస్తున్నాను.

నెమ్మదిగా గొంతు తెరుచుకుంది. బొంగురు తగ్గింది. "దమ్ము వస్తున్నది సిస్టర్," అంది. ఇది కొంతసేపటికి తిరగబెట్టవచ్చు కనుక ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాలి. దండగ అన్న కారు అక్కడే ఉంది, ముఖం రోడ్డు వైపు పెట్టుకుని. స్వప్నను వెనక సీట్లో పడుకోబెట్టి, కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని, మహేందర్‌ను ముందు ఎక్కించుకుని దగ్గర్లోని పట్నానికి బయలుదేరాం. దారిలోనే మా డాక్టరుగారికి ఫోన్ చేసి, ఇచ్చిన మందు, నాడి, బీపీ చెప్పాను. ఆయన ఆ ఆసుపత్రి వాళ్లతో మాట్లాడారు. సాయంత్రానికి ఆమె లేచి కూర్చుని ఇడ్లీ తింది. క్యాజువాలిటీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మీరు అక్కడ చేయాల్సిందంతా చేసేశారు సిస్టర్, మాకేం మిగల్చలేదు అన్నాడు. ఆ మాట నాకు ఏ అవార్డుకన్నా ఎక్కువ.

మహేందర్ మాత్రం వరండాలో నన్ను నిలదీశాడు. భయం తగ్గాక కోపం వచ్చింది, అది సహజమే.

"అందరికి గిట్లయితదా సిస్టర్, జెల్లీ చేప కుడితే?"

"కొందరికి అవుతుందండి."

"ఇంజెక్షన్ జేబులనే పెట్టుకొని తిరిగినవ్. కారు కావాలె అని కొట్లాడినవ్. నీకు ముందే ఎర్కనా? ఆమెకేముంది? నేను మేనేజర్‌ని, ఆమెకేమన్న అయితే వాళ్ల అమ్మానాయనకు జవాబు చెప్పాల్సింది నేను!"

అందులో న్యాయం లేకపోలేదు. చెప్పేస్తే అక్కడితో నా తలనొప్పి పోయేది. లోపల మంచం మీద ఆ పిల్ల కళ్లు తెరిచి మా వైపే చూస్తోంది.

"ఏం జరిగిందో మీ కళ్లతో చూశారు సార్. ఏమవసరమో ముందే అడిగాను, మీరు ఒప్పుకున్నారు. అంతకు మించి ఏమైనా తెలుసుకోవాలంటే ఆమెనే అడగండి. చెప్పడం, చెప్పకపోవడం ఆమె ఇష్టం. నన్ను మాత్రం అడగొద్దు," అన్నాను.

ఒంటికాలి మీద లేచాడు. హైదరాబాద్ తిరిగి రాగానే నా మీద ఫిర్యాదు చేశాడు, ఆరోగ్య కేంద్రం ముఖ్యమైన సంగతి దాచి టీమును ప్రమాదంలో పడేసిందని. నన్ను విచారణకు పిలిచారు. హెచ్ఆర్ పెద్ద, అడ్మిన్ పెద్ద, ఇంకో పెద్దాయన కూర్చున్నారు. ఆమె జబ్బేమిటో ఈ గదిలో చెబితే చాలు, ఇది ఇంతటితో ముగిసిపోతుందని అడ్మిన్ పెద్ద మెత్తగా అన్నాడు. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు. నాకు ఉద్యోగం ఇచ్చినప్పుడు మీరే చెప్పిన నియమం ఇది, ఇప్పుడు మీరే తప్పమంటే ఆ మాట రాతలో ఇవ్వండి అన్నాను. మా డాక్టరుగారు కూడా వచ్చి, షరతులు పెట్టింది మేమిద్దరమేనని, షరతుల వల్లే మనిషి బతికిందని చెప్పారు. ఫిర్యాదు కొట్టేశారు. నన్ను మెచ్చుకోనూ లేదు, ఆ ఊసే ఎత్తకుండా వదిలేశారు. బయటికొచ్చి క్యాంటీన్‌లో కాఫీ తాగి, తిరిగి నా గదికి వెళ్లి బీపీలు చూసుకున్నాను.

స్వప్న తర్వాత మంచి ప్రాజెక్టులోనే ఉంది. తన జబ్బు సంగతి తన మేనేజర్‌కు చెప్పిందో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకు, మధ్యాహ్నం భోజనాల వేళ కేంద్రంలో ఎవరూ లేనప్పుడు మహేందర్ వచ్చాడు. ఫిర్యాదు తర్వాత ఎదురుపడితే తల తిప్పుకునే మనిషి. కూర్చోకుండా కాసేపు తూకం యంత్రాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"సిస్టర్, నాకొకటి ఉంది," అన్నాడు. "జర పరేషాన్ల ఉన్న. ఇంట్ల గుడ తెల్వదు. మా పెద్దసార్లకు తెలిస్తే నా పని అయిపాయె. నీకు చెప్తే..." అని ఆగాడు.

"కూర్చోండి సార్," అన్నాను. "ఎప్పటి నుంచి?"

అరగంట మాట్లాడాడు. తర్వాత ఏం చేయాలో అది చేశాం, ఆలస్యం కాకముందే. ఆయన అనుమతి కూడా తీసుకునే ఇంతవరకు రాశాను, ఆయనకు ఉన్నదేమిటో మాత్రం ఇక్కడ రాయను.

నర్సు ఒక్కరి సంగతి బయటపెడితే ఆ ఒక్కరితో పోదు. మిగతావాళ్లందరూ తమ జబ్బులు తమలోనే దాచుకుని తిరుగుతారు, గదికి రారు, రానివాళ్లకు ఏ ఇంజెక్షనూ వేయలేం. ఆ క్యాంపు నాకు నేర్పింది ఇదే.